మొదటి చేద నేనే వేశాను

శౌరయ్య గురించి అడిగితే మా ఊళ్లో ఎవరైనా రెండు ముక్కలు చెబుతారు. బావులు తవ్వేవాడు, మంచివాడు. ఆ రెండో ముక్క కాస్త తల వంచుకుని చెప్పమనండి చూద్దాం! ఒక్కరూ వంచుకోరు. వంచుకోవలసినవాళ్లలో మొదటిదాన్ని నేనే కాబట్టి నేనే చెబుతాను. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు. పడనివ్వండి. ఇన్నేళ్లు దాచుకుంటే నాకు ఒరిగిందేమీ లేదు.

నా పేరు ప్రమీలారాణి. పుట్టిల్లు విస్సన్నపేట. 1972లో పెళ్లయి, తిరువూరుకూ వినగడపకూ మధ్యనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా మామగారు వెంకటప్పయ్యగారు ఊరికి సర్పంచి. ఆ రోజుల్లో అందరూ ప్రెసిడెంటుగారనేవారు. మా అత్తగారు మాణిక్యమ్మగారు ఆయనకు ప్రెసిడెంటు. నేను ఎవరికీ ఏమీ కాదు, వంటింట్లో ఉండేదాన్ని.

వచ్చిన మూడోనాడే నాకు తెలిసివచ్చింది, ఈ ఊరి నీళ్లలో కందిపప్పు ఉడకదని. పొయ్యిమీద పెట్టి పేరంటానికి వెళ్లొచ్చినా గింజ గింజగానే ఉండేది. "విస్సన్నపేటలో పప్పు వండటం నేర్పరు కాబోలు" అని అత్తగారు ఎత్తిపొడిచారు. ఆవిడ పాతికేళ్లుగా ఆ నీళ్లతోనే అవస్థ పడుతున్నారు, ఆవిడకి తెలియక కాదు. కొత్తకోడలు దొరికింది కదా, ఊరికే వదులుతారా!

ఆ ఉప్పు నీళ్లు కూడా దొరకనివాళ్లు ఊరికి ఎడంగా పల్లెలో ఉండేవారు. నలభై ఇళ్లు, ఒక్క బావి లేదు. పల్లె ఆడవాళ్లు కడవలు పట్టుకుని ఊరబావికి పది గజాల దూరంలో నిలబడేవారు. ఊళ్లోవాళ్లు ఎవరైనా దయతలచి తోడి పోస్తే నీళ్లు. లేకపోతే ఎండలో అలాగే నిలబడాలి. తాడు ముట్టుకోకూడదు, చేద ముట్టుకోకూడదు. అది తప్పని చట్టం ఎప్పుడో చెప్పిందట. చట్టం తిరువూరు దాకా వచ్చి ఆగిపోయినట్టుంది, మా ఊరికి అప్పటికి బస్సు లేదు మరి.

నేను తోడి పోసేదాన్ని. పొద్దున పది కడవలు, సాయంత్రం పది. చేతులు బొబ్బలెక్కేవి. "మా చిన్నమ్మగారి చెయ్యి చల్లన" అని వాళ్లు అంటుంటే నాకు ఒళ్లు పొంగిపోయేది. నా అంత మంచిది ఈ జిల్లాలోనే లేదనుకునేదాన్ని. వాళ్ల నీళ్లు వాళ్లే తోడుకుంటే ఏం పోయింది అని మాత్రం ఒక్కనాడు అడగలేదు, ఇంట్లోవాళ్లనీ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

శౌరయ్య ఆ పల్లెవాడే. అప్పటికి యాభై దాటాయి. సన్నగా, ఎండిన కంపలా ఉండేవాడు. ఎడమచేతి రెండు వేళ్లు రాయి పేల్చేటప్పుడు పోయాయి. నెమలి గ్రామం నుంచి విస్సన్నపేట దాకా ముప్పై పైచిలుకు బావులు తవ్వాడు. సూర్యుడు రాకముందే చెప్పుల్లేకుండా చేలో నడిచి, "ఇక్కడండి" అనేవాడు. అక్కడే జల పడేది. ఎలా తెలుస్తుందని అడిగితే, "అరికాలికి తెలుస్తదండి, నాకు తెలవదు" అని నవ్వేవాడు. ఇన్ని బావులు తవ్వినవాడు, నీళ్లు పడ్డాక వాటిలో ఒక్కదానిలోనూ చేద వేసి ఎరగడు. నీళ్లు పడేదాకా బావి అడుగున ఆయన పాదమే కావాలి, పడ్డాక ఆయన నీడ కూడా పనికిరాదు. ఇప్పుడు ఆయన అంటున్నాను గానీ, అప్పుడు మా నాన్న వయసు మనిషిని పేరు పెట్టి "ఏమయ్యా, నువ్వు" అని పిలిచేదాన్ని. అదేం తప్పనిపించేది కాదు.

బావి పనిలో ఇక్కడొక పద్ధతి ఉంది. జల పడ్డాక ఆ బావి సొంతదారు ఇంటి ఇల్లాలు పసుపూ కుంకుమా వేసి మొదటి చేద తోడుతుంది. తవ్వినవాడికి కొత్త బట్టలు పెడుతుంది. వాడు వాటిని కళ్లకద్దుకుని గట్టు దిగుతాడు. అంతటితో ఆ బావితో వాడి ఋణం తీరినట్టే. శౌరయ్య ముప్పైసార్లు అలా గట్టు దిగాడు.

1974లో తిరువూరు సమితి ఆఫీసు నుంచి అనంతపద్మనాభంగారని ఒక ఆఫీసరు వచ్చారు. బక్కపలచటి బ్రాహ్మణుడు, సైకిలు మీద వచ్చేవారు. తిన్నగా పల్లెలోకి వెళ్లి ప్రార్థన చేసుకునే పాకలో అందరినీ కూర్చోబెట్టారు. "తూటాలూ సిమెంటూ మేమిస్తాం. కష్టం మీది. ఎక్కడ తవ్వాలో, ఎలా చూసుకోవాలో మీరే ఒక సంఘంగా ఏర్పడి తేల్చుకోండి. అది మీ బావి" అన్నారట. శౌరయ్య లేచి నిలబడి, "మేమే తేల్చుకోవాలాండీ?" అని అడిగాడట. మళ్లీ అడిగాడట. మూడోసారి అడిగేసరికి ఆఫీసరుగారు నవ్వేశారట. పల్లెవాళ్లు నవ్వలేదు. ఏదైనా మీరే తేల్చుకోండని వాళ్లతో అన్నవాళ్లు అంతకుముందు లేరు మరి.

పల్లె అంచున ప్రభుత్వం స్థలంలో శౌరయ్య చోటు చూపెట్టాడు. ఇంటికొక మనిషి చొప్పున వంతులు వేసుకున్నారు. మగాడు కూలికి పోయిన ఇంట్లోంచి ఆడమనిషి వచ్చి తట్ట ఎత్తేది. తట్ట ఎత్తలేని ముసలమ్మ గంజి కాచి తెచ్చేది. ఆదివారం ప్రార్థన కాగానే పల్లె మొత్తం అక్కడే. పన్నెండడుగుల దగ్గర రాయి తగిలింది. శౌరయ్య మధ్యలో దిగి తూటా పెట్టేవాడు, అందరూ దూరంగా పరుగెత్తేవారు, ఢామ్మని పేలగానే పిల్లలు వేసే కేకలు మా దొడ్లోకి వినిపించేవి. ఆ అయిదు నెలలూ ఆయన్ని వినగడప రైతులు కబురుపెట్టి పిలిచినా పోలేదు. "ముప్పై బావులు మీకు తవ్వాను. ఒక్కటి మా ఆడోళ్లకి తవ్వుకోనివ్వండి" అన్నాడట. భార్య ఆరోగ్యమ్మ ఆ మాట నాకు చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది, నవ్వుతూనే.

మా మామగారు అంతా చూస్తూ ఊరుకున్నారు. "తవ్వనీ. పడితే చూద్దాం" అన్నారు ఒకసారి భోజనాల దగ్గర. నేను మజ్జిగ పోస్తూ విన్నాను. వింటే చాలా, అర్థం కావొద్దూ!

ముప్పైరెండు అడుగుల్లో జల పడింది. పడిన నీళ్లు కొబ్బరినీళ్లే అనుకోండి. ఉప్పు అనేది లేదు. ఊరికి కూతవేటు దూరంలో భూమిలో అన్నాళ్లుగా ఆ నీళ్లున్నాయని ఎవరికీ తెలియదు, శౌరయ్య అరికాలికి తప్ప.

ఆ వారంలోనే శౌరయ్య మా దొడ్డిగుమ్మం దగ్గరకు వచ్చాడు. వెనక ఆయన తమ్ముడి కొడుకు యేసుదాసు. తిరువూరులో మిషను కుట్టేవాడు, ముప్పై ఏళ్లుంటాయి. వాడి మొహం మాడిపోయి ఉంది.

"చిన్నమ్మగారూ, ఆదివారం పొద్దున మా బావిలో మొదటి చేద తమ చేత్తో పడాలండి" అన్నాడు శౌరయ్య.

"మీ బావికి నేనేంటి శౌరయ్యా? మీవాళ్లు లేరా?"

"ముప్పై బావులకీ పెద్దిళ్ల అమ్మగార్లే తోడారండి. నీళ్లు నిలబడ్డాయి. ఎన్నడూ లేంది ఇప్పుడు మావోళ్ల చేత వేయిస్తే నిలుస్తాయో నిలవవో అని భయంగా ఉందండి."

యేసుదాసు ఉండబట్టలేకపోయాడు. "అది సొంతదారు పద్ధతి పెదనాయనా! ఈ బావికి సొంతదారులం మనమే గదా. పెద్దమ్మ తోడితే ఏం పోయింది?"

"నోర్ముయ్ రా. నీళ్ల కాడ పెంకితనం పనికిరాదు. ఇన్నాళ్లూ మనకి పోసిన చెయ్యి ఆ తల్లిది. ఆవిణ్ణి కాదని ఎట్టా తోడుకుంటాం?"

యేసుదాసు చెప్పిందే సబబు. ఎవరైనా చెబుతారు ఆ మాట. కానీ నాకప్పుడు ఇరవై రెండేళ్లు, పిలిచి పీట వేస్తున్నారు. నన్ను ఎవరైనా దేనికైనా పెద్దదాన్ని చేసి పిలవడం అదే మొదలు. "వస్తాలే శౌరయ్యా" అనేశాను.

ఇంట్లో చెబితే అత్తగారు మూతి తిప్పారు. మామగారు మాత్రం, "వెళ్లనీ. ఉత్తచేతుల్తో వెళ్లకూడదు, శౌరయ్యకు పంచె, వాడి ఆడమనిషికి చీరా పట్టుకెళ్లి పెట్టు" అన్నారు. కోడలికి ఒక రవికగుడ్డ కొనాలంటే మూడు నెలలు ఆలోచించే మనిషి! అప్పుడైనా నా బుర్ర వెలగొద్దూ! వెలగలేదు. మామగారి మనసు వెన్న అనుకున్నాను.

ఆదివారం పట్టుచీర కట్టుకుని వెళ్లాను. పల్లెంతా తలంట్లు పోసుకుని నిలబడి ఉంది. వాళ్ల పెద్దాయన ఒకరు ప్రార్థన చదివారు. నేను పసుపూ కుంకుమా చల్లి, కొత్త చేంతాడు గిలకమీద వేసి, చేద వదిలి తోడాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరోగ్యమ్మ దోసిలి పడితే పోశాను. ఆ తర్వాత సంచిలోంచి పంచె తీసి శౌరయ్యకిచ్చాను. ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన చేతులు వాటంతటవే లేచాయి, పంచె అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆరోగ్యమ్మ చీర తీసుకుంది. యేసుదాసు నావైపు చూసి, జనంలోంచి తప్పుకుని వెళ్లిపోయాడు. పొగరుబోతు అనుకున్నాను.

మంచి జరగాలని ఒక కడవ నీళ్లు నాతోపాటు ఇంటికి పంపారు. ఆ పూట పప్పు పెడితే రెండు పొంగులకే వెన్నలా ఉడికింది. అత్తగారు రెండుసార్లు కలుపుకున్నారు. అక్కడ మొదలైంది.

మర్నాడు మా పాలేరు కావిడి తీసుకుని ఆ బావికి వెళ్లాడు. ఆ మర్నాడు పక్కింటివాళ్లు. ప్రెసిడెంటుగారి కోడలు తోడిన బావికి మనం వెళితే తప్పేంటని వారం తిరిగేసరికి ఊరంతా కడవలతో కదిలింది. పల్లెవాళ్లు కాదనలేదు. "మీరు తోడుకోండమ్మా ముందు" అని పక్కకు జరిగారు. మర్యాద! జరిగినవాళ్లు జరిగినట్టే ఉండిపోవలసి వచ్చింది. నెల తిరక్కుండానే, "మన చేదా వాళ్ల చేదా ఒకే నీళ్లలో ఏంటి, అప్రదిష్ట కాదూ?" అన్నారు అత్తగారు. ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చిందో లేదో ఊళ్లో పదిమంది నోళ్లలో ఉంది. పల్లెవాళ్ల చేదలు తీసి గట్టు కింద పడేశారు. తవ్వినవాళ్లు మళ్లీ పది గజాల దూరం పోయి నిలబడ్డారు.

యేసుదాసు ఊరుకోలేదు. పల్లె అందరిచేతా వేలిముద్రలు వేయించి తిరువూరు పట్టుకుపోయాడు. అనంతపద్మనాభంగారు సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. బావి పల్లె సంఘం పేరున రాయాలా, గ్రామ పంచాయతీ పేరున రాయాలా అన్నది అప్పటికింకా కాగితం మీదికి ఎక్కలేదట. సంఘం పేరున రాస్తే తాళ్లూ గిలకా పల్లెవాళ్ల చేతిలో. పంచాయతీ పేరున రాస్తే మా మామగారి చేతిలో. అంతే తేడా.

బావి దగ్గరే కుర్చీలు వేశారు. ఒకపక్క ఊరు, ఒకపక్క పల్లె. నన్నూ పిలిపించారు. మా మామగారు గొంతు పెంచలేదు. చాలా మెత్తగా మాట్లాడారు.

"శౌరయ్య తవ్వలేదని నేననను. బంగారంలా తవ్వాడు. తవ్వినందుకు మా కోడలు మొదటి చేద వేసి బట్టలు పెట్టింది. కళ్లకద్దుకుని పుచ్చుకున్నాడు, పల్లె మొత్తం చూసింది. ఈ చుట్టుపక్కల బావి ఎవరిదంటే, బట్టలు పెట్టినవాళ్లదంటారు. కాదని శౌరయ్యనే చెప్పమనండి."

శౌరయ్య ఎలా కాదంటాడు! పద్ధతి అదే మరి. ఆయనే దాన్ని ముప్పైసార్లు పాటించినవాడు.

"పెట్టిన చెయ్యి ఇక్కడే ఉంది కదా, అడుగుదాం" అన్నారు ఆఫీసరుగారు. నావైపు తిరిగారు. "అమ్మా, మీరు చెప్పండి. వాళ్లు పిలిస్తే అతిథిగా వెళ్లారా, సొంతదారుగా వెళ్లారా? ఆ బట్టలు అభిమానంతో పెట్టారా, బావి తవ్వినందుకు పెట్టారా? మీ మాటే రాసుకుంటాను."

ఎంత చక్కగా అడిగారో చూశారా? జవాబు ప్రశ్నలోనే పెట్టి ఇచ్చారు. శౌరయ్య నావైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. హమ్మయ్య, ఇక చిన్నమ్మగారు చెబుతారులే అన్నట్టు మొహం తేటపడింది. నేను మామగారి చెప్పులవైపు చూశాను. అత్తగారు నా వెనకే ఉన్నారు, ఆవిడ ఊపిరి నా మెడకు తగులుతోంది. మా ఆయన ఎక్కడో చివర నిలబడి ఆకాశం చూస్తున్నాడు.

"బావి తవ్వినందుకే పెట్టానండి" అన్నాను.

అబద్ధం కాదు. బావి తవ్వాడు కాబట్టే పెట్టాను. ఒట్టు వేయించినా ఆ మాటకి నేను దొరకను. అంత పొందిగ్గా, అంత తెలివిగా నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆఫీసరుగారు కలం పట్టుకుని కాసేపు ఆగారు, నేనింకేమైనా అంటానేమోనని. నేను అనలేదు. ఆయన రాసుకున్నారు. బావి పంచాయతీ పేరున పడింది.

ఆ పూట భోజనాల దగ్గర మామగారు, "అమ్మాయి సమయానికి మాట చెప్పింది" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. సంతోషం వేసింది. ఛీ, వేసిందండీ! చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటకి నాకు సంతోషం వేసింది. పెరట్లోకి వెళ్లాక ఏడుపు వచ్చింది. ఏడ్చినంతమాత్రాన ఏం లాభం!

తర్వాత రోజుల్లో కూడా నేను తోడి పోస్తూనే ఉన్నాను. వాళ్ల నీళ్లు వాళ్లకే, నా చేత్తో, దానంగా! ఆరోగ్యమ్మ ఒక్కపూట వచ్చింది. కడవ నిండాక ఎప్పుడూ "చిన్నమ్మగారి చెయ్యి చల్లన" అనేది, ఆ రోజు అనలేదు. మర్నాటినుంచి రాలేదు. వాగు ఇసకలో చెలమ తోడుకుని మైలున్నర మోసుకుపోయేది. పిలిచి అడుగుదామనుకునేదాన్ని. ఏమని అడగను?

శౌరయ్య మళ్లీ పలుగు పట్టలేదు. రైతులు వస్తే దగ్గు అని చెప్పేవాడట. దగ్గు నిజమే, ఆ రాతిదుమ్మంతా ఎక్కడికి పోతుంది! 1977లో పల్లెకి ఇంకొక బావి ఇచ్చారు. ఈసారి యేసుదాసు ముందే సంఘం పేరు రాయించుకుని తెచ్చాడు. చోటు చూపెట్టమని శౌరయ్యను బతిమాలాడట. "నా కాలు చూపెట్టిన నీళ్లు మనకి దక్కవురా" అని మంచం దిగలేదట. వీలైన చోట తవ్వుకున్నారు. అందులో ఉప్పు నీళ్లు పడ్డాయి. మొదటి చేద ఆరోగ్యమ్మ తోడింది. ఊళ్లోవాళ్లను ఎవర్నీ పిలవలేదు, నన్నసలే పిలవలేదు.

ఆ శీతాకాలం శౌరయ్యకి బాగా లేదని తెలిసింది. ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాను. "శౌరయ్యా, నేను తప్పు చేశాను. అది మీ బావి. ఆ రోజు నాకు చెప్పే ధైర్యం లేకపోయింది. నన్ను మన్నించు." ఇంతే. నాలుగు ముక్కలు. కాళ్లకు దణ్ణం పెట్టాలని కూడా అనుకున్నాను, నిజం చెబుతున్నాను.

నులకమంచం మీద ఉన్నాడు. డొక్కలు ఎగిరిపడుతున్నాయి. నన్ను చూసి లేవబోయాడు, నేను వద్దన్నా వినకుండా గోడకానుకుని కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ పొయ్యి దగ్గరుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను నోరు తెరవబోయాను. ఆయన చెయ్యెత్తాడు, ఆ మూడు వేళ్ల చెయ్యి.

"చిన్నమ్మగారూ, తమరితో ఓ మాట చెప్పకుండా పోతానేమోనని బెంగగా ఉందండి" అన్నాడు. దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి మళ్లీ అన్నాడు. "ఆ రోజు తమర్ని పిలిచి ఇరకాటంలో పెట్టేశాను. అత్తింట్లో ఉన్న పిల్ల, మామగారి ఎదట ఇంకేం మాట్లాడుద్ది? ఆ మాత్రం నాకు తెలవొద్దూ! పిలవడమే నా తప్పండి. మా మూలాన తమరు మనసు కష్టపెట్టుకుని ఉంటారు. ఈ ముసలాణ్ణి మన్నించండమ్మా."

కాదు శౌరయ్యా, తప్పు నాది అనాలి. వెంటనే అనాలి. ఆయన రెండు చేతులూ జోడించి నావైపే చూస్తున్నాడు, నేను ఏమంటానోనని. ఆరోగ్యమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోయడం ఆపి వింటోంది.

"పర్లేదులే శౌరయ్యా" అన్నాను.

ఆయన మొహం తేటపడింది. ఆ మహానుభావుణ్ణి నేను క్షమించేసి ఇంటికి వచ్చాను. పన్నెండో రోజున పోయాడు.